ఆ దద్దుర్ల సంగతి రాయవేం?

చి. సౌజన్యకు అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా. నాన్నగారి బీపీ అదుపులోనే ఉంది. ఈసారి మామిడి పూత బాగా పట్టింది. నువ్వు ఫోన్ ఎత్తకపోతే పనిలో ఉన్నావనుకున్నాను. నిన్న వాణి వచ్చి, నీకు డాక్టరు మనసు కుదుటపడటానికి లామోట్రిజిన్ అనే మాత్ర రాశారనీ, మోచేతి దగ్గర దద్దుర్లు వచ్చాయనీ చెప్పింది.

మందు వాడుతున్నందుకు నాకేం బాధ లేదమ్మా. మనసుకు జబ్బు చేస్తే వాడాల్సిందే. దద్దుర్లు దురద పెడుతున్నాయా, నొప్పిగా ఉన్నాయా?

శేషు మామయ్యకు ఇలాంటి జబ్బుకే కార్బమజెపైన్ అనే ఇంకో మందు ఇచ్చారు. మూడో వారంలో జ్వరం, గొంతునొప్పి, కళ్లమంటలు. ఎర్రమచ్చలు చూసి అమ్మమ్మ అమ్మవారు పోసిందంది. మంచం మీద వేపాకు పరిచింది, మజ్జిగ తాగించింది. మాత్ర మాత్రం పూటపూటా పడుతూనే ఉంది. ఓ రోజు నేను తడిగుడ్డతో వీపు తుడుస్తుంటే చర్మం పొరలా గుడ్డకు అంటుకుని వచ్చేసింది. పెదవులు పెచ్చులు కట్టి మజ్జిగ చుక్క కూడా మింగలేకపోయాడు. గుంటూరు తీసుకెళ్తే స్టీవెన్స్-జాన్సన్ అనే జబ్బన్నారు, చర్మం ఇలాగే ఊడిపోతుందట. మందు వల్ల ఒంట్లోని రక్షణ కణాలే చర్మం మీద పడతాయట. మాత్ర ఆపేసి, ఒళ్లు కాలినవాళ్లను చూసినట్టు చూశారు. బతికాడు గానీ, కళ్లలో చుక్కలు వేసుకోనిదే ఇప్పటికీ పొద్దు గడవదు.

మందుల సంగతి తెలిసిన మన శ్రీనును అడిగాను. ఆసియా మూలాల వాళ్లకు కార్బమజెపైన్ ఇచ్చేముందు ఈ ముప్పు ఎవరికి ఎక్కువో తెలిపే హెచ్‌ఎల్‌ఏ-బి 1502 అనే జన్యుపరీక్ష చేయించాలని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2007లోనే చెప్పిందట. నీ మాత్రకు మామూలు దద్దుర్లు పదిమందిలో ఒకరికి వస్తాయి, ప్రమాదమైనవి వెయ్యిమందిలో ఒకరికి అన్నాడు. ఎక్కువగా మొదటి ఎనిమిది వారాల్లోనేనట. అందుకే రెండు వారాలు 25, తర్వాత రెండు వారాలు 50 మిల్లీగ్రాములు అంటూ మెల్లగా పెంచుతారు. వాల్‌ప్రోయేట్ అనే మందు కూడా వాడుతుంటే అందులో సగమే. తొందరగా తగ్గాలని నువ్వే పెంచుకోకు. అయిదారు రోజులు మానేస్తే మళ్లీ పాత మోతాదు వేసుకోకు, డాక్టరును అడిగి మొదటినుంచి మొదలుపెట్టాలి.

వంకాయ పడలేదని సరిపెట్టుకోకు. ఈ రాత్రి మాత్ర వేసుకోకముందే డాక్టరుకు ఫోన్ చెయ్యి. జ్వరం, నోట్లో పుండ్లు, కళ్లు ఎర్రబడటం ఏది ఉన్నా మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లు. వాణిని తోడు తీసుకెళ్లు.

కందిపొడి, నెయ్యి పంపిస్తున్నాను. పొద్దున వెలుతురులో ఆ చెయ్యి ఫొటో తీసి బుజ్జిగాడి ఫోన్‌కు పంపు. మోచేయి ఒక్కటే కాదు, వీపు కూడా.

మీ అమ్మ