బ్రాడీపేటలో నా సంచి తెచ్చిచ్చిన ఆటో అన్నయ్యకు కృతజ్ఞతలు

గత శనివారం సాయంత్రం జోరువానలో, గుంటూరు బ్రాడీపేటలో ఆటో దిగే తొందరలో నేను మరచిపోయిన సంచిని, అందులోని లేఖ మీది నంబరుకు ఫోన్ చేసి, చిరునామా కనుక్కుని మరీ తెచ్చిచ్చి, పేరైనా చెప్పకుండా వెళ్లిపోయిన అన్నయ్యకు హృదయపూర్వక వందనాలు.

అందులో నా బాప్తిస్మ పత్రంతో పాటు, నన్ను వేదాంత కళాశాలలో చేర్చుకోవాలని కోరుతూ మా సంఘ కాపరిగారు స్వదస్తూరితో రాసిన లేఖ ఉంది. సంచిని ఖాకీ చొక్కా కింద దాచి తెచ్చిన మీరు నిలువునా తడిసిపోయారు గాని, లేఖలో ఒక్క అక్షరమూ చెదరలేదు. డబ్బు ఇవ్వబోతే, "దేవుని పనికి వెళ్లే పిల్లవు, నీ దగ్గర తీసుకోనమ్మా" అన్నారు. మీది ఏ మతమో నేను అడగలేదు, అడగాలని తోచనూ లేదు.

జీవితాన్ని సేవకు సమర్పించుకోవడమంటే ఏమిటో ఈ ఊరు చూసింది. 1842లో ఇక్కడికి వచ్చిన ఫాదర్ హేయర్ లూథరన్ మిషన్‌ను ప్రారంభించారు. 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ స్త్రీలకు, పిల్లలకు వైద్యం చేస్తూ 1930లో ఇక్కడే కన్నుమూశారు. వారి పేర్లు మాకు చిన్ననాటి నుంచి కంఠస్థం; మీ పేరే తెలియలేదు.

నాకు సీటు వచ్చింది. అనుదిన ప్రార్థనలో మిమ్మల్ని "సంచి తెచ్చిన అన్నయ్య" అనే జ్ఞాపకం చేసుకుంటున్నాను.