చంటిబిడ్డను ఏమార్చి వెళ్లొద్దు

సంపాదకునికి,

పొగాకు గ్రేడింగు (ఆకును నాణ్యతను బట్టి వేరుచేయడం) పనులు మొదలైతే ఒంగోలు, టంగుటూరు చుట్టుపక్కల చంటిబిడ్డలు అమ్మమ్మల చేతికి వస్తారు. అందులో తప్పేమీ లేదు. బిడ్డ ఒకరికన్నా ఎక్కువ మందితో అనుబంధం పెంచుకోగలదు. చిక్కంతా చేతులు మార్చే తీరులోనే. ఏడెనిమిది నెలలకు బిడ్డ తనవాళ్లను గట్టిగా పట్టుకుంటుంది, కొత్త ముఖం చూస్తే ఏడుస్తుంది. అది మొండితనం కాదు, బంధం కుదిరిందనడానికి గుర్తు. సరిగ్గా అప్పుడే బిడ్డను ఏమార్చి తల్లి జారుకుంటే, మళ్లీ ఎప్పుడు మాయమవుతుందోనని ఇంకా అతుక్కుపోతుంది.

పనికి వెళ్లే ముందు ఒకటి రెండు వారాలు, తల్లి పక్కనుండగానే అమ్మమ్మ చేత తినిపించడం, స్నానం, నిద్రపుచ్చడం చేయించాలి. తర్వాత తల్లి అరగంట బయటికెళ్లి రావాలి, ఆపైన గంట, పూట. ప్రతిసారీ ఒకే మాట చెప్పి వెళ్లాలి, ఏడ్చినా సరే. చూసే మనిషిని రోజుకొకరిగా మార్చకూడదు. ఏడిస్తే ఎత్తుకోవాలి. ఎత్తు మరుగుతుందన్న భయం ఈ వయసులో అనవసరం.

50 మంది, అంతకుమించి పనిచేసే సంస్థలో శిశు సంరక్షణ గది ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి రావచ్చని 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజన చట్టం చెప్పింది; దాని స్థానంలో 2025లో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి కూడా అదే చెబుతోంది. సీజను మొదలవక ముందే కార్మిక శాఖ గ్రేడింగు కేంద్రాల్లో దీన్ని తనిఖీ చేయాలి.

– శిశు సంరక్షణ కార్యకర్తలు, ఒంగోలు