ఫీజు 1500 పెంచుతున్నాం, లెక్క ఇదిగో

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

మీలో చాలామంది నన్ను ఆఫీస్ సార్ అంటారు. బకాయి ఉన్నవాళ్లు కొందరు నన్ను చూడగానే బండి పక్క గల్లీలోకి తిప్పుతారు. దానికి నేనేమీ అనుకోను, మా బిల్డింగ్ ఓనర్ ఎదురొస్తే నేనూ అదే పని చేస్తాను.

అక్క 2003లో 31 మంది పిల్లలతో ఈ బడి పెట్టింది. నేను దుబాయ్‌లో తొమ్మిదేళ్లు అకౌంట్స్ పని చేసి 2016లో ఇంటికొచ్చాను. అప్పటినుంచి చదువు సంగతి అక్కది, మిగతాదంతా నాది. మిగతాది అంటే ఫీజులు, జీతాలు, అద్దె, కరెంటు బిల్లు, బస్సులు, బడికి ప్రభుత్వ గుర్తింపు రెన్యువల్‌కి కావాల్సిన ఫైర్ ఎన్‌ఓసీ, శానిటరీ సర్టిఫికెట్, బిల్డింగ్ బలంగా ఉందని ఇంజినీర్ ఇచ్చే కాగితం. ఎప్పుడైనా లెక్కల సార్ రాకపోతే ఏడో తరగతికి భిన్నాలు చెప్పడం కూడా.

విషయానికి వస్తాను. 2025-26 నుంచి నర్సరీ మొదలు పదో తరగతి దాకా ఒక్కొక్కరికి ఫీజు 1500 రూపాయలు పెరుగుతుంది. బస్సు ఫీజు 6000 నుంచి 7500 అవుతుంది. ఇదివరకు ఫీజు పెంచినప్పుడల్లా ‘పెరిగిన ధరల దృష్ట్యా’ అని చిన్న చీటీ డైరీలో అంటించి పంపేవాణ్ణి. ఈసారి ఆ చీటీ పంపాలనిపించలేదు. అసలు కారణం ధరలు కాదు కాబట్టి.

మొన్న డిసెంబర్‌లో మా తెలుగు టీచర్ మానేశారు. మోకాళ్ల నొప్పులు, రెండో అంతస్తు మెట్లు ఎక్కలేకపోతున్నారు. మీలో ఇద్దరు ముగ్గురికి చిన్నప్పుడు పద్యాలు నేర్పింది కూడా ఆవిడే, ఇప్పుడు మీ పిల్లలకు నేర్పారు. 2006 జూన్‌లో 1800 రూపాయల జీతానికి చేరారు. మానేసేనాటికి 15,600. చివరి రోజు శాలువా కప్పాం, ఫొటోలు దిగాం, పిల్లలు ఏడ్చారు. అందరూ వెళ్లాక ఆవిడ ఆఫీసు గదిలోకి వచ్చి కుర్చీ అంచు మీద కూర్చుని అడిగారు: “సార్, ఇన్నేండ్లు చేసిన కదా, నాకు ఏమన్న వస్తదా?”

రాదని చెప్పబోయాను. నోటిదాకా వచ్చింది. మన వైపు చిన్న ప్రైవేటు బడుల్లో ఎవరికీ ఏమీ రాలేదు, ఎవరూ అడగలేదు. ‘కనుక్కుని చెప్తాను మేడం’ అన్నాను.

కనుక్కున్నాను. పదిమంది, అంతకంటే ఎక్కువ పనిచేసే చోట అయిదేళ్లు నిండిన ఉద్యోగికి మానేసేటప్పుడు గ్రాట్యుటీ, అంటే చేసిన ఏళ్లను బట్టి ఒకేసారి ఇచ్చే మొత్తం, ఇవ్వాలి. టీచర్లకు అది వర్తించదని ఒకప్పుడు కోర్టు తీర్పు ఉండేది. 2009లో చట్టం సవరించి, 1997 ఏప్రిల్ 3 నుంచి వర్తించేలా టీచర్లనూ చేర్చారు. ప్రైవేటు బడుల వాళ్లు దాని మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2022లో ఓడిపోయారు. అకౌంట్స్ మనిషిని అని చెప్పుకునే నాకు ఇవన్నీ 2024 డిసెంబర్ చివర్లో తెలిశాయి.

లెక్క ఇలా ఉంటుంది. నెల జీతాన్ని 26తో భాగిస్తే రోజు జీతం. 15,600ను 26తో భాగిస్తే 600. ఏడాదికి పదిహేను రోజుల చొప్పున 9000. పద్దెనిమిదేళ్ల పైన ఆరు నెలలు దాటింది కాబట్టి పంతొమ్మిదేళ్లుగా పట్టాలి. మొత్తం 1,71,000 రూపాయలు. ఆ రోజు మా బడి ఖాతాలో ఉన్నది 64 వేలు.

తెలిసినాయన ఒకరు సలహా ఇచ్చారు. “మీరు మే నెల జీతం ఇవ్వరు కదా, ప్రతి ఏడూ సర్వీస్ తెగిపోయిందని రాసుకోండి, ఎవరడుగుతారు?” అన్నారు. నిజం చెప్పాలంటే ఆ రాత్రి నేను ఆ మాట గురించి ఆలోచించాను. పొద్దున టిఫిన్ దగ్గర అక్కతో అన్నాను. అక్క నా వైపు చూడను కూడా చూడలేదు. “కరోనాలో ఎవరున్నర్రా మనతోని?” అంది, అంతే.

2020 మార్చిలో బడి మూసినప్పుడు మా దగ్గర 17 మంది ఉన్నారు. మూడు నెలలకు ఆరుగురు మిగిలారు. సోషల్ సార్ కూరగాయల బండి పెట్టుకున్నారు, మళ్లీ రాలేదు. ఉన్న ఆరుగురికీ సగం జీతం, అదీ ఒక్కో నెల లేదు. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామన్నప్పుడు తెలుగు టీచర్ సంచి పట్టుకుని రేషన్ షాపు ముందు లైన్లో నిలబడ్డారు. ఆ లైన్లో ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్లూ ఉన్నారు. సాయంత్రం ఫోన్లోనే పిల్లలకు పాఠం చెప్పారు.

ఆ 1,71,000 బస్సు కోసం పక్కన పెట్టిన డిపాజిట్ తీసి జనవరిలో ఇచ్చేశాం. ఇది గొప్పగా చెప్పుకునే సంగతి కాదు, చట్టప్రకారం ఇవ్వాల్సిందే ఇచ్చాం.

ఆ తర్వాత పాత పుస్తకాలన్నీ ముందేసుకుని కూర్చుంటే నాకు ఒకటి అర్థమైంది. ‘మన దగ్గర ఫీజు తక్కువ’ అని ఇన్నేళ్లుగా మేము బ్యానర్ల మీద వేయించుకున్నాం. ఆ తక్కువైన డబ్బు మేము వదులుకున్నది కాదు, టీచర్లది. వాళ్లకు పదకొండు నెలల జీతమే ఇచ్చాం. పైగా జీతం లేని ఆ మే నెలలోనే వాళ్లను ఎండలో ఇల్లిల్లూ తిప్పి అడ్మిషన్లు తెప్పించాం. మీలో చాలామంది ఇంటి గడప దగ్గర గ్లాసుడు మంచినీళ్లు తాగి వెళ్లిన టీచర్లు ఆ నెల జీతం లేకుండా తిరిగినవాళ్లే.

అందుకని ఈ మే నుంచి టీచర్లకు, ఆయమ్మలకు పన్నెండో జీతం ఇస్తున్నాం. గ్రాట్యుటీ కోసం ప్రతి నెలా జీతాల్లో దాదాపు 5 శాతం విడిగా ఒక ఖాతాలో వేస్తాం. మే జీతానికి సుమారు 1.9 లక్షలు, గ్రాట్యుటీకి సుమారు 1.3 లక్షలు, కలిపి 3.2 లక్షలు. మన పిల్లలు 238 మంది. 1500 చొప్పున 3.57 లక్షలు వస్తాయి. అందులో రాయితీలు, రానివి తీసేస్తే సరిగ్గా అక్కడికే సరిపోతుంది. ఇంటింటికీ తిరిగే పని ఈసారి టీచర్లకు లేదు. నేను, అక్క తిరుగుతాం.

ఇంకొకటి కూడా చెప్పాలి, ఇది దిద్దుకోని తప్పు. 20 మంది ఉద్యోగులైతే పీఎఫ్ (భవిష్య నిధి) కట్టాలి. మా దగ్గర 13 మంది టీచర్లు, ముగ్గురు ఆయమ్మలు, ఒక వాచ్‌మన్, ఇద్దరు డ్రైవర్లు, మొత్తం 19. ఆ అంకె దానంతటదే అక్కడ ఆగలేదు. ఆటలు నేర్పే పీఈటీ సార్ కావాలని రెండేళ్లుగా మీరు అడుగుతున్నారు, నేను ఏదో ఒకటి చెప్పి దాటేస్తున్నాను. కారణం ఇదే. ఇరవయ్యో మనిషి వస్తే అందరి జీతాల మీదా మా వాటా సుమారు 13 శాతం, అంటే నెలకు 29 వేల దాకా అవుతుంది. ఈ ఏడాది ఆ పని చేయలేను.

ఇక పోయిన ఏడాది లెక్క. జీతాలకు 25.1 లక్షలు, అద్దె 4.8, బస్సుల డీజిల్, రిపేర్లు, ఇన్సూరెన్స్ కలిపి 4.6, కరెంటు, నీళ్లు, ప్రింటింగ్, ల్యాబ్, మిగతావి 2.4. పైన చెప్పిన గ్రాట్యుటీ 1.7. మొత్తం 38.6 లక్షలు. మార్చి 31 దాకా చేతికొచ్చింది 33.3 లక్షలు. లోటు 5.3 లక్షలు. ట్యూషన్ ఫీజు బకాయిలు ఎంతో తెలుసా? అదే 5.3 లక్షలు. స్కూలు ఫీజు మీద జీఎస్టీ లేదు కదా అని కొందరు అంటారు. లేదు, నిజమే. కానీ బెంచీ కొన్నా, ప్రింటర్ కొన్నా మేము కట్టిన జీఎస్టీ షాపువాళ్లకు వెనక్కి వచ్చినట్టు మాకు రాదు. చట్టప్రకారం బడిని సొసైటీ పేరు మీద నడుపుతాం, మిగిలితే పంచుకోకూడదు. పంచుకునేంత మిగిలిన ఏడు నాకైతే గుర్తులేదు.

బస్సు లెక్క వేరుగా చూడండి, ఎందుకంటే మీలో చాలామంది ‘బస్సుల మీద బాగా సంపాదిస్తున్నారు’ అంటున్నారు. 74 మంది పిల్లలు, 6000 చొప్పున 4.44 లక్షలు. డ్రైవర్ల జీతాలు 3 లక్షలు కలిపితే ఖర్చు 7.6 లక్షలు. 3.16 లక్షలు తక్కువ. ఆ తక్కువను 238 మందికి పంచితే ఒక్కొక్కరి మీద 1300 పైన పడుతోంది. అంటే బడి వెనక వీధిలోంచి నడిచొచ్చే పిల్లల ఇళ్ల నుంచి కూడా మేము బస్సు డబ్బులు తీసుకుంటున్నాం. బస్సు ఫీజు 7500 చేసినా ఆ లోటు పూర్తిగా పూడదు, కొంచెం తగ్గుతుంది.

బకాయిల గురించి. మన ఊళ్లో డబ్బు నెలనెలా రాదని నాకు తెలుసు. పసుపు నిజామాబాద్ మార్కెట్‌కు వెళ్లాలి, యాసంగి వడ్లు కాంటా కావాలి, గల్ఫ్‌లో జీతం పడాలి, బీడీల పైసలు రావాలి. నేను దుబాయ్‌లో ఉన్నప్పుడు మూడు నెలలు జీతం ఆగింది, ఇంటికి ఫోన్ చేయడం మానేశాను. అలాంటి నేనే 2018లో ఒక ఆరో తరగతి బాబును ఎస్‌ఏ-1 (అర్ధ సంవత్సర) పరీక్ష రోజు ఫీజు కట్టలేదని వరండాలో నిలబెట్టాను. వాళ్ల నాన్న సౌదీలో ఉన్నారు, కంపెనీ జీతాలు ఇవ్వలేదు. బాబు ఇరవై నిమిషాలు గోడకు ఆనుకుని నిలబడ్డాడు, అట్ట నెత్తి మీద పెట్టుకుని. అక్క చూసి లోపలికి పంపింది. ఆ కుటుంబం మరుసటి ఏడు పిల్లాణ్ణి వేరే బడిలో వేసింది. బకాయి మాత్రం పూర్తిగా కట్టి వెళ్లారు.

ఇప్పుడు ఎవర్నీ వరండాలో నిలబెట్టం. టీసీ కూడా ఆపం. టీసీ వెంటనే ఇవ్వాలని విద్యాహక్కు చట్టంలోనే ఉంది, అయినా కొన్నేళ్లు మేము ఆపాం. కానీ ఒక మాట అడుగుతున్నాను, కష్టంగా ఉంటే వచ్చి చెప్పండి. మీ ఇంటికి డబ్బు ఎప్పుడొస్తుందో దాన్ని బట్టి కిస్తులు రాసుకుందాం. పసుపు అమ్మేవాళ్లకు మార్చి, వరి వాళ్లకు డిసెంబర్, మే, నెల జీతం వచ్చేవాళ్లకు నెలనెలా. ఫోన్ ఎత్తకపోతే నాకు కోపం వస్తుంది. డబ్బు లేదని చెబితే రాదు.

పుస్తకాలు, నోటుబుక్కులు. పోయిన ఏడు వీటి మీద మాకు వచ్చిన కమిషన్ 60 వేలు, పైన రాబడిలో అదీ కలిసే ఉంది. ఈసారి లిస్టు మాత్రమే ఇస్తాం, ఎక్కడైనా కొనుక్కోండి. అన్నయ్య పుస్తకం తమ్ముడికి పనికొచ్చేలా మూడేళ్లు అవే పుస్తకాలు ఉంచుతామని అక్క మాటిచ్చింది. నేనైతే ఆ 60 వేల గురించి ఇంకా నసుగుతున్నాను. బెల్టు, టై ఇక అవసరం లేదు. ఈ ఎండల్లో టై ఎందుకని నేను వచ్చిన ఏడాది నుంచీ అంటున్నాను.

ఒక్కో ఇంట్లో 1500 పెద్ద మొత్తమే. ఇద్దరు పిల్లలై, ఇద్దరూ బస్సెక్కితే 6000 పెరుగుతుంది. పక్క పట్టణంలోని పెద్ద బడి ఏసీ బస్సు మన ఊరి చౌరస్తా దాకా వస్తోంది కూడా. వెళ్లాలనుకుంటే వెళ్లండి, మొహమాటం వద్దు. కాకపోతే మే నెలాఖరులోగా చెప్పండి, సెక్షన్లు, టీచర్లు చూసుకోవాలి.

ఏప్రిల్ 23 చివరి పనిదినం. జూన్ 12న బడి తెరుస్తాం. సెలవుల్లో ఆఫీసు ఉదయం 9 నుంచి ఒంటిగంట దాకా ఉంటుంది, ఆదివారం తప్ప. పైన చెప్పిన లెక్కల పుస్తకం టేబుల్ మీదే పెడతాను, జీతాల పేజీలో పేర్లు తప్ప మిగతావన్నీ చూడొచ్చు. బస్సుల ఫిట్‌నెస్ సర్టిఫికెట్ గడువు మే 15తో అయిపోతుంది, రెండు బండ్లూ మే మొదటి వారంలోనే షెడ్డుకు వెళ్తాయి. రెండో నంబర్ బస్సుకు ఇప్పుడు పద్నాలుగేళ్లు. పదిహేను నిండితే స్కూలు బస్సుగా తిప్పనివ్వరు, దాని కోసం దాచిన డబ్బు ఏమైందో పైన రాశాను. చెరువు అవతలి రెండు ఊళ్ల వాళ్లతో ఆ సంగతి మాట్లాడాలి. మే 4 ఆదివారమే అయినా ఆ రోజు పది గంటలకు బడి దగ్గరకు రండి. అక్క కూడా ఉంటుంది.