చంటిగాడికి, అంబాసిడర్ కబురు

ఒరేయ్ చంటీ,

నీ ఉత్తరం వచ్చి మూడు నెలలైంది. ముందు తిట్టుకో, తర్వాత చదువు. ఇంట్లో అందరూ క్షేమం, అమ్మ మోకాలు కాస్త నయం, చిన్నది ఆరో క్లాసు. ఇక అసలు సంగతి. ఎవరికీ చెప్పక రెండు రోజులుగా కడుపుబ్బిపోతోంది.

నాన్న అంబాసిడర్‌కి కొత్త మీటర్ బోర్డు బిగించా! 1988 మార్క్ 4, మనం పచ్చ బకెట్ ఎక్కించిన బండేరా. స్పీడు ముల్లు నలభై దాటితే గజగజ వణికేది, పెట్రోల్ ముల్లు ఎప్పుడో పడిపోయింది. ఆటోనగర్‌లో పాత సామాన్ల కొట్లో ఈ మధ్య కాలపు కారుది ఒక సెట్టు దొరికింది. లోపలంతా ఎల్ఈడీలే. అట్ట మీద కొలతలు గీసి, రేకు కోసి, ఆకురాయితో అంచులు అరగదీసి... రెండు ఆదివారాలు అయిపోయాయి. పాతదానికి గేర్‌బాక్స్ నుంచి తిరిగే కేబుల్ చాలు, దీనికి కరెంటు సిగ్నల్ కావాలి. కేబుల్ బిగించే చోటే సెన్సార్ పెట్టి, ఫోన్‌లో జీపీఎస్‌తో స్పీడు సరిచూశాం. పెట్రోల్ ముల్లు మొదట ట్యాంకు ఖాళీ అయితే ఫుల్ చూపించింది. ట్యాంకులో పెట్రోల్ మీద తేలే ఫ్లోటు, దీనికి సరిపడేది వేస్తే దారికొచ్చింది.

మొన్న నాన్నని ఎక్కించుకుని విజయవాడ నుంచి ఏలూరు పెళ్లికి వెళ్లా. పగలు ఏ తేడా తెలీలేదు. రాత్రి తిరిగొస్తుంటే హనుమాన్ జంక్షన్ దాటాక హెడ్‌లైట్లు పసుపు రంగుకి తిరిగాయి, హారన్ గొంతు పోయింది, ఇంజను ఆగిపోయింది. చుట్టూ చీకటి, పక్కన నాన్న. ఎంత టెన్షన్ పడ్డానో! ఆయన ఒక్క మాటా అనలేదు, అదే ఇంకా కష్టంగా అనిపించింది.

తెల్లారి మెకానిక్ బాబాయ్ వోల్టు మీటరు పెట్టి చూస్తే ఇంజను నడుస్తున్నా బ్యాటరీ 12.1 వోల్టులే. బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్ విప్పి బయట పరీక్షిస్తే శుభ్రంగా ఉంది! చివరికి బాబాయ్ అడిగాడు: "తాళం తిప్పగానే బ్యాటరీ ఎర్ర లైటు వెలుగుతోందా అబ్బాయ్?" వెలగట్లేదు. వెలగట్లేదంటే అంతా బాగుందనుకున్నాను రా. మన బండిలో ఆల్టర్నేటర్ నిద్ర లేచేదే ఆ బల్బులోంచి వెళ్లే కాస్త కరెంటుతో. బల్బుకి అటూ ఇటూ తేడా లేదు, ఎల్ఈడీకి ఉంది. నేను వైరు తిరగేసి కలిపాను. సరిచేస్తే లైటు వెలిగింది కానీ ఆరలేదు, ఎల్ఈడీ గుండా వెళ్లే ఆ చిటికెడు కరెంటు చాలదు మరి. బాబాయ్ డబ్బాలోంచి గోరంత 3 వాట్ల బల్బు తీసి, దానికి జోడీగా డ్యాష్ వెనక కలిపాడు. స్టార్ట్ చేశాం. లైటు ఆరింది, మీటరు మీద 14.1! బాబాయ్‌ని కావలించుకున్నాను.

సాయంత్రం నాన్న వచ్చి కూర్చుని, కొత్త మీటరు అద్దం మీద దుమ్ము వేలితో తుడిచి, "పాతదేదిరా?" అన్నాడు. కొత్తదాంట్లో ఉన్నవి వేరే కారు తిరిగిన కిలోమీటర్లు కదా. పాతదాంట్లోవి ఆయనవి, 99,999 దాటి రెండుసార్లు సున్నాకొచ్చినవి. ఆయన కండువాలోనే చుట్టి బీరువాలో పెట్టానని చెప్తే తలూపాడు. నాకప్పుడు నువ్వు కాలేజీ గేటు దగ్గర అన్న మాట... సరే, అది కలిసినప్పుడు.

ఆ పాత ముల్లు బాగు చేయించి మళ్లీ దాన్నే పెడదామా అనిపిస్తోంది, నువ్వేమంటావ్? ఇంకా

అయ్యో, చిన్నదాని బస్సు వచ్చే టైమైంది. రాయి.

నీ
బుజ్జి