చెల్లి ఫిట్స్ గురించి శ్రీనుకి

విశాఖపట్నం

ఒరేయ్ శ్రీనూ,

నువ్వడిగినవాటిలో అసలు ప్రశ్న ఇదేరా: మెదడులో రక్తం చిమ్మిందంటూనే రక్తం పలచబడే ఇంజెక్షన్ ఎందుకిస్తున్నారని. చెల్లికి ఫిట్స్ ఎందుకొచ్చాయో కూడా అందులోనే ఉంది.

మెదడు నుంచి రక్తాన్ని కిందికి దించే సిరలో గడ్డ కట్టింది. కాలవకి అడ్డుపడితే ఎగువ చేలు మునిగినట్టు, వెనకాల ఒత్తిడి పెరిగి మెదడు ఉబ్బింది, సన్ననాళాలు చిట్లాయి. ఆ రక్తస్రావానికి మూలం గడ్డే కాబట్టి రక్తం కనబడ్డా హెపారిన్ ఇవ్వాల్సిందే. హెపారిన్‌లోనే ఒక రకం ఎనాక్సాపారిన్ అయితే కిలో బరువుకి 1 మి.గ్రా., రోజుకి రెండుసార్లు, పొట్ట చర్మం కింద. పొడిచిన చోట రుద్దకూడదు, కమిలిపోతుంది.

ఉబ్బు మెదడు పైపొరకి తగిలితే ఫిట్స్ వస్తాయి. ఈ జబ్బులో పదిమందిలో ముగ్గురు నలుగురికి తొలిరోజుల్లోనే వస్తాయి, మామూలు పక్షవాతంలో కన్నా చాలా ఎక్కువ. నడినెత్తి మీదుగా పోయే పెద్ద సిర, దాన్లో కలిసే పైపొర సిరలు మూసుకున్నవాళ్ళకీ, బాలింతలకీ ఆ భయం ఇంకా ఎక్కువ. చెల్లికి రెండూ ఉన్నాయి.

ఆలస్యం ఎక్కడ జరుగుతుందో చెబుతాను, మన చుట్టాల్లో ఇంకెవరికైనా పనికొస్తుంది. సిజేరియన్ తర్వాత తలనొప్పి వస్తే నడుముకిచ్చిన మత్తు వల్లే అనుకుంటారు. ఆ నొప్పి పడుకుంటే తగ్గుతుంది. సిర మూసుకున్న నొప్పి పడుకుంటే తరచూ పెరుగుతుంది. బాలింతకి ఫిట్స్ వస్తే ముందు బీపీ పెరిగి వచ్చే వాతమనే అనుమానిస్తారు, అది సబబే. కానీ బీపీ మామూలుగా ఉండి, తలనొప్పి రోజుల తరబడి వదలకపోతే మెదడు సిరల్ని చూపించే స్కాన్, వెనోగ్రామ్ తీయించాలి. ఉత్త సీటీ స్కాన్ బాగానే ఉందని ఊరుకోకూడదు, ఈ జబ్బు అందులో చాలాసార్లు కనబడదు.

ఇక మాత్రలు. ఫిట్స్ ఆపడానికి లెవెటిరాసెటామ్ ఎంచుకోవడం నాకు నచ్చింది, రక్తం పలచబడే మాత్ర వార్ఫరిన్‌తో పేచీ పెట్టదు. ఫెనిటోయిన్, కార్బమజెపిన్ అనే వేరే ఫిట్స్ మందులు కాలేయాన్ని తొందరపెట్టి పలచబడే మందుని త్వరగా కరిగించేస్తాయి. రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్ఆర్ అంకె, ఉండాల్సిన 2కీ 3కీ మధ్య నిలవదు. డాబిగాట్రాన్, అపిక్సాబాన్ లాంటి కొత్తరకం పలచబడే మందులైనా ఆ రెండిటితో బలం తగ్గుతాయి. లెవెటిరాసెటామ్‌తో చిరాకు, ఏడుపు రావచ్చు. బాలింత కదా, బెంగ అని కొట్టిపారేయకండి, డాక్టరుకి చెప్పండి. సొంతంగా మాత్రం ఆపొద్దు, హఠాత్తుగా ఆపితే ఫిట్స్ తిరగబెడతాయి. పాలు ఇవ్వొచ్చు, బిడ్డ మరీ మగతగా ఉంటే చూపించండి.

ఫిట్స్ మాత్రలు ఎన్నాళ్ళంటావా? స్కాన్‌లో మచ్చ ఉంది కాబట్టి సుమారు ఏడాది అనుకో, ఆపైన మెల్లగా తగ్గిస్తారు. మొదటి వారం దాటాక ఫిట్స్ మళ్ళీ వస్తే ఇంకా ఎక్కువకాలం. పలచబడే మందు లెక్క వేరు, 3 నుంచి 12 నెలలు. వార్ఫరిన్ వాడుతోందని పాలకూర, తోటకూర మానక్కర్లేదు, ఎప్పుడూ తినేంతే తినాలి. ఒళ్ళునొప్పులకి డైక్లోఫెనాక్ వద్దు, రక్తం కారుతుంది. గర్భనిరోధక మాత్రలు, ఈస్ట్రోజన్ ఉన్నవి, ఇక జన్మలో వద్దు.

ఇంట్లో ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, గడియారం చూడండి. చేతిలో తాళాలగుత్తి, నోట్లో చెంచా, ముక్కు దగ్గర ఉల్లిపాయ, ఏదీ వద్దు. అయిదు నిమిషాలు దాటితే 108. తలకి దెబ్బ తగిలితే ఫిట్స్ ఆగిపోయినా సరే ఆసుపత్రికే. గాజువాక నుంచి పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి రావడం ఏ వేళకెంతసేపో నీకు తెలుసు, అందుకే ఫిట్స్ ఆపే మిడజోలామ్ ముక్కు స్ప్రే ఇంట్లో ఉంచుకోవచ్చా అని డాక్టర్ని అడిగి, ఎంత కొట్టాలో చీటీలో రాయించుకో.

అమ్మకి ఒక్క మాట గట్టిగా చెప్పు. పత్యమని నీళ్ళు తగ్గించడం మానాలి. మన ఊరి ఉక్కలో ఒంట్లో నీరు ఆవిరైపోతే రక్తం చిక్కబడుతుంది. దాహమైనంతా తాగనివ్వండి.

ఈ వారం ఐఎన్ఆర్ రిపోర్టు, మందుల చీటీ ఫొటో తీసి పంపు, చూసి చెబుతాను.

నీ
రాము