నో డిస్‌ప్లే సిస్టమ్ పట్టుకొచ్చేముందు జెర ఇది చదవండి

మన షాపు కస్టమర్లందరికీ నమస్తే. వానలు పడుతున్నప్పటి సంది మా టేబుల్ మీద సగం పాత డెస్క్‌టాప్‌లే ఉన్నయి, అన్నిటికీ ఒకటే కంప్లైంట్, ఫ్యాన్ తిరుగుతది లైట్ వెలుగుతది స్క్రీన్ మీద మాత్రం ఏం రాదు. పరకాల నుంచి నర్సంపేట నుంచి బండి వెనుక సీపీయూ కట్టుకొని మరీ తెస్తున్నరు, తీరా వచ్చినాక "చూసుడుకే రెండొందలా అన్నా" అని మొఖం మాడ్చుకుంటున్నరు. ఆ రెండొందలు దేనికో ఓపెన్‌గా చెప్తె అయిపోతది కదా అని రాస్తున్న.

వచ్చిన వాటిల శానా వాటికి పార్టు మార్చే పనే ఉండదు. ర్యామ్ (బోర్డు మీద స్లాట్‌ల గుచ్చే మెమరీ పట్టీ) తీసి, దాని కింద బంగారు రంగు కాంటాక్ట్‌ల మీద పిల్లల పెన్సిల్ రబ్బరుతోని మెల్లగ రుద్ది, స్లాట్‌ల దుమ్ము బ్రష్‌తోని తీసి మళ్ల గట్టిగ నొక్కితె డిస్‌ప్లే వచ్చేస్తది. గాలిల తేమకు, దుమ్ముకు ఆ కాంటాక్ట్ పోతది అంతే. మీ ముందట చేస్తే ఐదు నిమిషాల పని, అందుకే మీకు పైసలు దండుగ అనిపిస్తది, నాకు తెలుసు. ఇంట్ల మీరే చేసుకోవచ్చు కూడా, కరెంటు వైరు పీకి, పవర్ బటన్ ఒకసారి నొక్కి పట్టుకొని, అప్పుడు ర్యామ్ తియ్యండి. అట్ల వచ్చేస్తే మా దగ్గరికి రావద్దు, నాకేం బాధ లేదు.

ఇంకోటి, మానిటర్ మీద "నో సిగ్నల్" అని రాసొస్తుందంటే మానిటర్ బతికే ఉన్నట్టు, దయచేసి కొత్తది కొనకండి. మొన్న ఒక మీసేవ అన్న కొత్త మానిటర్ తెచ్చుకొని అది కూడ పని చేస్తలేదని మా దగ్గరికొచ్చిండు, చూస్తే లోపల గ్రాఫిక్స్ కార్డు (స్క్రీన్‌కు బొమ్మ పంపే వేరే కార్డు) ఉన్నది, కేబులేమో మదర్‌బోర్డుకు పెట్టిండు. కార్డు ఉంటే శానా బోర్డులల్ల బోర్డు మీది వీజీఏ, అంటే మానిటర్ కేబుల్ పెట్టే సాకెట్, బంద్ అయితది, కేబుల్ కార్డుకే పెట్టాలె.

ఇవన్నీ కాదని తేలినంకనే అసలు పని మొదలైతది. ఫ్యాన్ తిరుగుతుంది కదా ఎస్‌ఎంపీఎస్ (లోపల అన్నిటికీ కరెంటు ఇచ్చే డబ్బా) మంచిగనే ఉన్నదని అందరు అంటరు, ఆ ఫ్యాన్ తక్కువ వోల్టేజీకి కూడ తిరుగుతది అన్నా. 12, 5, 3.3 వోల్టుల లైన్లు మూడూ 5 శాతం అటుఇటు లోపలనే ఉండాలె, అంటే 12 లైను 11.4 కన్న కిందికి దిగొద్దు, అది సిస్టమ్ నడుస్తుండంగ లోడ్ మీద మీటర్ పెట్టి చూస్తెనే తెలుస్తది. ప్రాసెసర్ పక్కన నాలుగు పిన్నుల చిన్న కనెక్టర్ ఒకటి ఉంటది, ఇంట్ల దుమ్ము దులిపేటప్పుడు అది ఊడొచ్చినా ఫ్యాన్లన్నీ బ్రహ్మాండంగ తిరుగుతయి, డిస్‌ప్లే ఒక్కటే రాదు. దాని తర్వాత హార్డ్ డిస్క్, కార్డులు అన్నీ పీకేసి, చిన్న స్పీకర్ తగిలించి, ర్యామ్ లేకుండనే ఆన్ చేస్తం. బీప్ కొట్టిందా సంతోషం, ప్రాసెసరు, బయోసు (సిస్టమ్‌ను స్టార్ట్ చేసే ప్రోగ్రామ్) రెండూ పని చేస్తున్నయి, ర్యామ్ ఏదని అడుగుతున్నది. సప్పుడే లేదంటే బోర్డు, బయోస్, ప్రాసెసర్ ఒక్కొక్కటి వేరేవాటితోని మార్చి మార్చి చూడాలె, కెపాసిటర్ల మూతలు ఉబ్బినయా, కారినయా చూడాలె, బయోస్ చిప్‌ల ప్రోగ్రామ్ మళ్ల ఎక్కించి చూడాలె. ఒక్కోసారి పూటంత పడతది. రెండొందలు దీనికి.

కాబట్టి ఇప్పటి సంది పద్ధతి ఇది. ర్యామ్ క్లీన్ చేస్తే వచ్చేసిందా, ఆ రెండొందలల్లనే అన్నీ అయిపోయినట్టు. పార్టు వేస్తే బిల్లుల రెండొందలు తగ్గిస్తం. వద్దు రిపేరు అంటే రెండొందలిచ్చి తీస్కపోండి, పీకిన పాత పార్టులు అడగకున్నా మీ చేతికిస్తం.

ఇక పాత బోర్డుల వాళ్లకు కొంచెం చేదు మాట. జీ31, జీ41 అనే పాత ఇంటెల్ చిప్‌సెట్ల బోర్డులు క్లీనింగుతోనో కెపాసిటర్లతోనో బయోస్‌తోనో బాగైతే చేస్తం, బోర్డే పోతే మాత్రం ఇంకో బోర్డు తెచ్చి వెయ్యం. సికింద్రాబాద్‌ల సీటీసీ అనే కంప్యూటర్ల మార్కెట్ల కొత్త డబ్బాల పెట్టిన జీ41 బోర్డు దొరుకుతది, నేనూ వేసి లాభం తీస్కోవచ్చు, కానీ ఇంటెల్ ఆ చిప్‌సెట్ బంద్ చేసి ఏండ్లయింది, అవి పాత చిప్పులతోని కట్టినవి, ఆర్నెల్లల్ల మళ్ల నా దగ్గరికే వస్తరు, అప్పుడు నేనేం చెప్పాలె? ఆ పైసలకు ఇంకొన్ని కలిపి సెకండ్ హ్యాండ్ సిస్టమ్ తీస్కోండి. విండోస్ 10 సపోర్ట్ (సేఫ్టీ అప్‌డేట్లు) కూడ 2025 అక్టోబర్ 14తోని అయిపోయింది, విండోస్ 11కు ఇంటెల్ ప్రాసెసర్లల్ల 8వ జనరేషన్ నుంచి కావాలె, ఆన్‌లైన్ పేమెంట్లు చేసే ఎరువుల దుకాణాలు, ఇంటర్నెట్ సెంటర్ల వాళ్లు అది చూస్కొని కొనండి. ఇంట్ల టైపింగు, ప్రింటు వరకే అయితే ఉన్నదాన్నే నడిపించుకోవచ్చు.

ట్యాలీల రాసుకున్న దుకాణం లెక్కల డేటా పోతదా, ఫార్మాట్ చేస్తరా అని అందరికీ భయం. డేటా హార్డ్ డిస్క్‌ల ఉంటది, డిస్‌ప్లే రాకపోవుడుకు దానికి సంబంధం లేదు, ఫార్మాట్ చెయ్యాలె అని ఎవరన్న ముందే అంటే సిస్టమ్ వెనక్కి తీస్కోండి.

ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం ఇంట్ల విప్పొద్దు, వైరు పీకినాక కూడ లోపల కెపాసిటర్ల 300 వోల్టుల పైన కొంతసేపు నిలిచి ఉంటది, షాక్ మామూలుగ ఉండదు.

వచ్చేటప్పుడు సీపీయూ ఒక్కటే తేండి, మానిటరు కీబోర్డు మోసుకురావద్దు, గ్రాఫిక్స్ కార్డు ఉంటే అట్లనే లోపల ఉంచండి. పొద్దున ఇస్తే ఏం పోయిందో మామూలుగ సాయంత్రానికి ఫోన్ చేసి చెప్తం, రిపేరు ఎప్పటికైతదనేది మాత్రం పార్టు దొరికేదాన్ని బట్టి.