ఎంపికలో స్మాష్ చూస్తున్నారు, ఆట చూడటం లేదు

సంపాదకుడు గారికి,

నమస్కారం. మండలాల్లో పాఠశాల క్రీడల ఎంపికలు మళ్లీ మొదలవుతున్నాయి. ప్రకాశం జిల్లాలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పీఈటీని. అమ్మాయిల వాలీబాల్ జట్టును చూసుకుంటాను. ఈ ఎంపికలు జరిగే తీరు మీద నాకో అభ్యంతరం ఉంది.

పిల్లల్ని వరసలో నిలబెడతారు. ఒక్కొక్కరి చేత సర్వీసు చేయిస్తారు, ఎవరో బంతి ఎగరేస్తే స్మాష్ కొట్టిస్తారు, ఎత్తు చూస్తారు, పేర్లు రాసుకుంటారు. అలా నాలుగైదు బడుల పిల్లలు ఒక జట్టయిపోతారు. జిల్లా పోటీలకు వెళ్లే బస్సులో ఒకరి పేరు ఒకరు అడిగి తెలుసుకుంటారు. కబడ్డీలో అయితే ఒక్క రైడరు తెగించి ఆడి పాయింట్లు తేగలడు. వాలీబాల్‌లో బంతిని పట్టుకోకూడదు, ఒకరే వరసగా రెండుసార్లు తాకకూడదు, మూడో దెబ్బకల్లా నెట్ దాటించాలి. ఒంటరిగా ఆడదామన్నా కుదరదు.

మా పిల్లలకు కొట్టడం నేర్పడం తేలికే. అరవడం నేర్పేసరికే నా తల ప్రాణం తోకకొచ్చింది. ఇద్దరి మధ్యకు బంతి వస్తుంది, ఇద్దరూ చూస్తారు, అది నేలను తాకాక "నువ్వు తీస్తావనుకున్నానే" అంటారు. పైగా మర్యాద ఒకటి. వెనక గీత దగ్గరున్న ఎనిమిదో తరగతి పిల్లకు బంతి బయటికి పోతోందని తెలుస్తూనే ఉంటుంది. ముందున్నది పదో తరగతి అక్క. "వదిలేయండక్కా" అనేలోపు అక్క చెయ్యి తగిలిస్తుంది, పాయింటు పోతుంది. అందుకని కోర్టులో అక్కలూ చెల్లెళ్లూ లేరని తీర్మానించాం. "నాది", "వదులు", "ఔట్", అంతే. గీత దాటి బయటికొచ్చాక ఎన్నిసార్లయినా అక్కా అనుకోవచ్చు. ఒక తల్లి వచ్చి, "ఇంట్లో అన్నం వడ్డిస్తుంటే కూడా నాది నాది అని అరుస్తోంది సార్" అని ఒకటే నవ్వు.

సాధనలో, పిలవకుండా తీసిన బంతి ఎంత బాగా తీసినా పాయింటు అవతలివాళ్లదే. ఒక్కోరోజు నెట్ మీద పాత దుప్పట్లు కప్పుతాను. అవతల ఏం జరుగుతోందో కనపడదు, బంతి దుప్పటి పైకి లేచాకే తెలుస్తుంది. ముందు చూసిన పిల్ల కేక వెయ్యక తప్పదు. మ్యాచ్‌లో టైమ్ అవుట్ 30 సెకన్లు. అందులో సగం నేను నోరు విప్పను, వాళ్లనే మాట్లాడుకోనిస్తాను.

మా సెట్టరు, అంటే హిట్టరు స్మాష్ కొట్టడానికి బంతిని పైకి లేపి ఇచ్చే పిల్ల, పొట్టిది. తను స్మాష్ కొడితే నెట్ దాటడం గగనం. కానీ సర్వీసుకు ముందే, "వాళ్ల పొడుగమ్మాయి వెనక్కెళ్లింది, మధ్యలో ఇస్తా" అని హిట్టరుకు చెప్పేస్తుంది. తప్పు పాస్ వచ్చినా విసుక్కోదు, పరుగెత్తి లేపుతుంది. ఎంపికలో ఈ పిల్లను వద్దన్నారు. ఈమె లేపే బంతికి అలవాటుపడ్డ మా హిట్టరును మాత్రం తీసుకున్నారు. జిల్లాలో ఆ హిట్టరు ముఖం తెలియని సెట్టరుతో ఆడి, ఒకసారి ముందే ఎగిరి, ఇంకోసారి ఆలస్యంగా ఎగిరి, రెండో సెట్టుకు బెంచీ మీద కూర్చుంది.

1990లో ద్రోణాచార్య అవార్డు పొందిన వాలీబాల్ శిక్షకుడు అరికపూడి రమణారావు గారు మన తెలుగువారే. సంక్రాంతికి వాలీబాల్ పందేలు పెట్టే ఊళ్లు మనకు ఇప్పటికీ ఉన్నాయి. ఆ పందేల్లో గెలిచే ఊరి జట్టును గమనించండి, ఏళ్ల తరబడి ఒకే నెట్ దగ్గర సాయంత్రాలు గడిపినవాళ్లే ఉంటారు. బడి పిల్లలకు అన్ని ఏళ్లు ఎవరూ ఇవ్వలేరు, నిజమే. జిల్లాకు వెళ్లేముందు నాలుగు సాయంత్రాలైనా ఒకచోట ఆడించవచ్చు కదా. (డ్రిల్లు పీరియడును లెక్కల మాస్టారు అప్పు తీసుకుని తిరిగివ్వని సంగతి ఇంకో ఉత్తరంలో రాస్తాను.)

ఎంపికకు వచ్చినవాళ్లను ఆరుగురేసి జట్లుగా చేసి ఆడించండి. కలిసి ఆడిన సెట్టరునూ హిట్టరునూ విడదీసేముందు ఒకసారి జంటగా చూడండి. ఒకేరోజు ఖోఖో, కబడ్డీ, వాలీబాల్ అన్నీ తేల్చాలి, తీరిక ఎక్కడిదంటారు. 25 పాయింట్ల సెట్టు వద్దు, 15 పాయింట్లది ఒక్కటి చాలు. ఈసారి మా మండలం ఎంపికలు మా బడి మైదానంలోనే. నెట్ నేను కడతాను, బంతులు మావే ఇస్తాను, స్కోరు మా పిల్లలే రాస్తారు.

ఇట్లు,
ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు,
ప్రకాశం జిల్లా